పియర్స్ ప్లౌమన్ రాసింది ఒక్కడా, ఐదుగురా?

డబ్లిన్ ట్రినిటీ కాలేజీ లైబ్రరీలో 212వ నంబరు రాతప్రతి ఒకటుంది. అందులో ఒక పెద్ద ఇంగ్లిష్ కావ్యం అయిపోయాక, 1400 ప్రాంతపు చేతిరాతతో, లాటిన్‌లో ఒక చిన్న గమనిక కనిపిస్తుంది. స్టేసీ డి రొకేల్ అనే ఆయన విలియం డి లాంగ్లాండ్‌కి తండ్రి అనీ, మర్యాదస్తుడనీ, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని షిప్టన్ అండర్ విచ్‌వుడ్ అనే ఊళ్ళో డిస్పెన్సర్ ప్రభువు భూమి పట్టుకుని ఉండేవాడనీ, ఆ విలియమే ‘పియర్స్ ప్లౌమన్’ అనే పుస్తకం రాశాడనీ దాని సారాంశం. ఇంగ్లిష్ కవి చాసర్ కాలంలోనే పుట్టి, చాసర్ సరసన నిలబడగలిగిన కావ్యాన్ని ఎవరు రాశారో చెప్పే సాక్ష్యాల్లో ఇంతకంటే గట్టిది మనకి లేదు.

తెలుగు కావ్యాలు చదివే అలవాటున్నవాళ్ళకి ఇది వింతగా తోస్తుంది. మన కవులు అవతారికలో కృతిపతి వంశమంతా వర్ణిస్తారు, ఆశ్వాసం చివర గద్యలో తమ పేరూ తండ్రి పేరూ చెప్పుకుంటారు. 14వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో కవులకి అలాంటి కట్టుబాటు లేదు. కవి పేరు కావ్యంలో ఉంటే గింటే, కథ మధ్యలో ఏదో ఒక పాత్ర నోట బయటపడాల్సిందే.

అయితే ఈ తగువు పేరు దగ్గర ఆగలేదు. ఈ కావ్యం మూడు రూపాల్లో దొరుకుతుంది. మూడూ ఒకే మనిషి ఏళ్ళ తరబడి తిరగరాసుకున్నవా, లేక ఒకరి తర్వాత ఒకరు అందుకుని పెంచినవా అన్నదే అసలు ప్రశ్న. జవాబును బట్టి కావ్యం అర్థం మారుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఈ రోజు మన చేతికొచ్చే అచ్చుపుస్తకంలో ఏ పంక్తిలో ఏ మాట ఉండాలన్నది కూడా మారుతుంది. కర్త ఎవరన్నది పుస్తకం అట్ట మీది విషయం అనుకుంటాం గానీ, ఇక్కడ అది పంక్తుల లోపలికి వెళ్ళి కూర్చుంది. ఈ సంగతి సరిగ్గా అర్థం కావాలంటే ముందు కావ్యాన్ని కాస్త దగ్గరగా చూడాలి.

కలలో కనిపించిన దేశం

మే నెల ఉదయం, మాల్వర్న్ కొండల మీద, వాగు ఒడ్డున కవి నడుం వాల్చి నిద్రపోతాడు. కలలో ఒక ఎత్తు మీద బురుజు కనిపిస్తుంది. కింద లోయలో ఒక భయంకరమైన కోట. రెండింటి మధ్యా మైదానం నిండా జనం. దున్నేవాళ్ళు, వర్తకులు, బిచ్చగాళ్ళు, యాత్రికులు, పాపపరిహార పత్రాలు అమ్ముకునేవాళ్ళు, డబ్బు కనపడితే తప్ప నోరు విప్పని లాయర్లు. బురుజులో సత్యం ఉంటుంది, లోయలో అధర్మం. తర్వాత ఎదురయ్యేవాళ్ళ పేర్లు పవిత్ర చర్చి, అంతరాత్మ, వివేకం, ఆకలి. లంచం ఒక అందగత్తె, ఒంటి నిండా నగలు. ఆమెను ఎవరికిచ్చి పెళ్ళి చేయాలన్న తగాదా రాజుగారి దర్బారు దాకా వెళుతుంది.

గుణాలకీ దోషాలకీ కాళ్ళూ చేతులూ ఇచ్చి నడిపించే ఇలాంటి కథనే అలిగరీ అంటారు. మనకి తెలియనిదేమీ కాదు. కృష్ణమిశ్రుడి ప్రబోధచంద్రోదయంలో వివేకం, మోహం రాజులై తలపడతాయి. ఆ నాటకాన్ని 15వ శతాబ్దంలో తెలుగు కావ్యంగా మలిచినవాళ్ళు నంది మల్లయ, ఘంట సింగయ అనే జంటకవులు. అయితే ఈ ఇంగ్లిష్ కావ్యంలో పాత్రలు సిద్ధాంతం చెప్పడానికి వచ్చి, చూస్తుండగానే వీధిలో మనుషులైపోతాయి.

తిండిపోతుతనం అనే పాపం సంగతే చూడండి. ఏడు పాపాలూ వరుసగా పశ్చాత్తాపపడే ఘట్టంలో వీడి వంతు వస్తుంది. పాపం ఒప్పుకోవడానికి చర్చికి బయల్దేరతాడు. దారిలో సారాయి కాచే బెటన్ పలకరించి, మంచి ఏల్ (బీరు లాంటిది) ఉంది, రుచి చూడమంటుంది. ఘాటుగా ఏమైనా ఉందా అని అడుగుతాడు. మిరియాలున్నాయి, పౌను వెల్లుల్లి ఉంది, ఉపవాసం రోజులకి పనికొచ్చే సోపు గింజలు కూడా ఉన్నాయి అంటుంది. లోపల చెప్పులు కుట్టే ఆమె సిస్, వేటచోట్ల కాపలాదారు వాట్, మాట్లు వేసే టిమ్, ఇంకా ఊళ్ళో సగం మంది. సాయంత్రానికి వీడు గ్యాలన్‌కి పైగా తాగేస్తాడు, గుమ్మం దగ్గర తట్టుకుని పడతాడు. పెళ్ళాం మోసుకెళ్ళి పడుకోబెడుతుంది. శనివారం, ఆదివారం నిద్రలోనే గడిచిపోతాయి. లేచి వాడన్న మొదటి మాట: గిన్నె ఎక్కడ? ఇదంతా ఒక పాపానికి నిర్వచనం. ఆ సారాయి దుకాణం మాత్రం లండన్‌లో ఏ సందులోనైనా ఉండదగ్గది.

పియర్స్ చాలా ఆలస్యంగా వస్తాడు. పశ్చాత్తాపపడిన జనమంతా సత్యాన్ని వెతుక్కుంటూ బయల్దేరతారు. దారి ఎవరికీ తెలియదు. దేశాలు తిరిగిన యాత్రికుడికి కూడా తెలియదు. అప్పుడొక నాగలి పట్టే మనిషి తల బయటపెట్టి, ఆయన్ని నేనెరుగుదును అంటాడు. ముందు నా అరెకరం దున్ని విత్తనం వేయాలి, సాయం పట్టండి, తర్వాత దారి చూపిస్తాను అంటాడు. కొందరు పని చేస్తారు, కొందరు పాటలు పాడుతూ కూర్చుంటారు. విసిగిపోయిన పియర్స్ ఆకలిని పిలిచి వాళ్ళ మీదికి వదులుతాడు. ప్లేగు వచ్చి కూలీలు కరువై, కూలి పెంచకూడదని 1351లో చట్టం చేసిన దేశంలో ఈ దృశ్యం ఎంత ముట్టుకుంటే మండేదో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాతిది కావ్యం మొత్తంలో ఎక్కువ చర్చకి వచ్చిన ఘట్టం. సత్యం పియర్స్‌కి పాపపరిహార పత్రం పంపిస్తుంది. విప్పి చూస్తే అందులో రెండే పంక్తులు: మంచి చేసినవాళ్ళు నిత్యజీవానికి పోతారు, చెడు చేసినవాళ్ళు నిత్యాగ్నికి పోతారు. ఇందులో పరిహారం ఎక్కడుంది అంటాడు పూజారి. పియర్స్ కోపం పట్టలేక పత్రాన్ని రెండుగా చింపేస్తాడు. దేవుడు పంపిన కాగితాన్ని కావ్యంలో అందరికన్నా మంచి మనిషి ఎందుకు చింపాడు? ఈ ప్రశ్నకి పండితులు ఇప్పటికీ రకరకాల జవాబులిస్తున్నారు. అక్కడి నుంచి కావ్యం మంచి చేయడం, ఇంకా మంచి చేయడం, అన్నిటికంటే మంచి చేయడం అనే ముగ్గురిని వెతుక్కుంటూ వెళుతుంది. క్రీస్తు పియర్స్ కవచం తొడుక్కుని యెరూషలేములో మృత్యువుతో పోరుకి దిగుతాడు. చివరికి చర్చి కోట కూలిపోతుంటే అంతరాత్మ ఒక్కడే, పియర్స్ ఎక్కడున్నాడో కనుక్కోవడానికి, యాత్రికుడిలా బయల్దేరతాడు.

మూడు పాఠాలు

ఈ కావ్యం రాతప్రతులు యాభైకి పైగా మిగిలాయి. ఒక్కటీ కవి చేతిరాత కాదు. 1860లలో వాల్టర్ స్కీట్ అనే పండితుడు వాటిని పోల్చి చూసి, అవి మూడు గుంపులుగా విడిపోతున్నాయని తేల్చాడు. వాటికి ఎ, బి, సి అని పేర్లు పెట్టాడు. అవే పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

ఎ పాఠం చిన్నది, దాదాపు 2500 పంక్తులు. శనివారం సాయంత్రం వీచిన పెనుగాలి ప్రస్తావన అందులో ఉంది. అది 1362 జనవరి నాటి తుపానని గుర్తుపట్టారు. కాబట్టి ఎ ఆ తర్వాతిది. బి దానికి మూడింతలు, 7000 పంక్తులు దాటుతుంది. 1370లో చిచెస్టర్ లండన్ మేయర్‌గా ఉన్నప్పటి కరువు అందులో ఉంది. పిల్లి మెడలో గంట కట్టాలని ఎలుకలు సభ చేసుకునే కథని బి ముందుమాటలో కొత్తగా చేర్చారు. అది 1376 పార్లమెంటు మీద గురిపెట్టిన కథ, ఎ పాఠంలో లేదు. సి ఇంచుమించు బి అంతే ఉంటుంది, 1380లలోది. అందులో కొన్ని చోట్ల పదును తగ్గించారు, కొన్ని చోట్ల చర్చ పెంచారు. పత్రం చింపే ఘట్టం సి పాఠంలో లేనే లేదు.

దాన్ని ఎందుకు తీసేశారు? 1381లో ఇంగ్లండ్‌లో రైతులు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటులో ముందున్న జాన్ బాల్ అనే పూజారి తనవాళ్ళకి పంపిన ఉత్తరాలు అప్పటి చరిత్రకారుల గ్రంథాల్లో నిలిచిపోయాయి. అందులో ఒకటి, పియర్స్ ప్లౌమన్‌ని తన పనికి వెళ్ళమని, దొంగ హాబ్‌ని బాగా శిక్షించమని చెబుతుంది. కావ్యంలోని పాత్ర తిరుగుబాటు సంకేతంగా మారిపోయింది. తన మాట ఎవరి చేతుల్లో ఆయుధమైందో చూసిన కవి, చేతిలోని పత్రం చింపే రైతుని కావ్యంలోంచి తప్పించి ఉంటాడన్నది చాలామంది ఊహ. నాకూ అది నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది. అయితే ఈ ఊహ నిలవాలంటే ఒక షరతుంది: బి రాసినవాడే సి రాసి ఉండాలి. ఇద్దరూ వేరైతే, భయపడి వెనక్కి తగ్గిన కవి అంటూ ఎవరూ లేరు. వేరొకరి కావ్యాన్ని సరిదిద్దిన ఇంకొకరే ఉన్నారు.

పేరు కోసం వెతుకులాట

కలగనే మనిషి పేరు విల్ అని కావ్యమే చెబుతుంది. బి పాఠం 15వ భాగంలో అతనొక మాటంటాడు: నేను లోకంలో బతికాను, నా పేరు పొడుగు విల్. మూలంలో ‘లండ్’, ‘లాంగ్’, ‘విల్’ అనే మూడు మాటలు ఆ వరుసలో వస్తాయి. వెనక నుంచి చదివితే విల్ లాంగ్లాండ్. మధ్యయుగ కవులు పేరుని ఇలా దాచిపెట్టడం మామూలే. కాబట్టి దీన్ని సంతకంగా తీసుకోవచ్చు. విచిత్రమేమిటంటే సి పాఠంలో ఈ పంక్తి మారిపోయి, లండన్‌లో చాలా ఏళ్ళు బతికాను అని మాత్రమే ఉంటుంది. సంతకం చెరిగిపోయింది. అయితే పొడుగు మాత్రం పోలేదు. సి పాఠంలో ఇంకో చోట విల్ తన గురించి తానే చెబుతూ, వంగి పని చేయడానికి నేను మరీ పొడుగ్గా ఉన్నాను అంటాడు.

16వ శతాబ్దానికి వచ్చేసరికి పేరు తారుమారైంది. రాబర్ట్ క్రౌలీ 1550లో ఈ కావ్యాన్ని మొదటిసారి అచ్చువేశాడు. ఒకే ఏడాదిలో మూడు ముద్రణలు పోయాయి. కర్త పేరు రాబర్ట్ లాంగ్లాండ్ అని, ష్రాప్‌షైర్‌లోని క్లీబరీ మోర్టిమర్‌లో పుట్టాడని రాశాడు. అదే కాలపు పండితుడు జాన్ బేల్ కూడా రాబర్ట్ అనే అన్నాడు. ఎక్కడి రాబర్ట్? ముతక ఉన్ని అంగీ తొడుక్కుని తిరిగాను అనే పంక్తిలో ‘తొడుక్కుని’ అన్న మాటని ఏదో ప్రతిలో ‘నేను రాబర్ట్’ అని తప్పు చదివి ఉంటారని స్కీట్ వివరణ. ఆనాటి ఇంగ్లిష్‌లో ఆ రెండూ రాతలో చాలా దగ్గరగా ఉంటాయి. లేఖకుడి కంటికి పడిన ఒక్క పొరపాటు మూడు వందల ఏళ్ళు చరిత్రగా చెలామణి అయిందన్నమాట.

పుట్టిన సంవత్సరం సంగతీ ఇంతే. 1332 ప్రాంతంలో పుట్టాడని పుస్తకాల్లో కనిపిస్తుంది. దాని ఆధారం ఏమిటని చూస్తే, బి పాఠంలో ఊహాశక్తి అనే పాత్ర విల్‌తో, నలభై అయిదేళ్ళుగా నిన్ను వెంబడిస్తున్నాను అంటుంది. బి రాసిన 1377 నుంచి 45 తీసేస్తే 1332. కలలో ఒక గుణం అన్న మాట మీద నిలబెట్టిన పుట్టిన తేదీ అది. భార్య కిట్, కూతురు కలోట్ అనే వివరాలు కూడా కావ్యంలోంచి తీసుకున్నవే. వీటిని జీవితచరిత్రలా చదివే ముందు ఎవరైనా ఒక్కసారి ఆగాలి.

చిరిగిపోయిన ఆకు

1906లో చికాగో యూనివర్సిటీ ప్రొఫెసర్ జె.ఎం. మాన్లీ ఒక వ్యాసం ప్రచురించాడు. ఇంగ్లిష్ పండితుల ప్రపంచాన్ని అది కుదిపేసింది. 1908లో కేంబ్రిడ్జ్ వాళ్ళు వేసిన పెద్ద ఇంగ్లిష్ సాహిత్య చరిత్రలో అతని వాదం పూర్తి రూపంలో వచ్చింది. దాని ప్రకారం పియర్స్ ప్లౌమన్‌ని ఐదుగురు రాశారు. ఎ పాఠంలో మొదటి రెండు కలలు ఒకరివి, మిగతాది చాలావరకు ఇంకొకరిది, చివరి కొసరు జాన్ బట్ అనే మూడో మనిషిది, బి పాఠం నాలుగో మనిషిది, సి పాఠం ఐదో మనిషిది.

జాన్ బట్ విషయంలో గొడవ లేదు. ఎ పాఠం 12వ భాగం చివర, ఒకే ఒక్క రాతప్రతిలో, విల్ చనిపోయాడనీ, తాను ముగిస్తున్నాననీ జాన్ బట్ స్వయంగా చెప్పుకున్నాడు. మిగతా నలుగురి మీదే యుద్ధమంతా.

మాన్లీ పట్టుకున్న చిక్కు నిజంగా చక్కనిది, దాన్ని కాస్త నిదానంగా చూడాలి. ఎ పాఠంలో పాపాల పశ్చాత్తాప ఘట్టంలో కోపం లేదు. ఏడు పాపాల్లో ఒకటి ఎగిరిపోయింది. అదే ఘట్టంలో ఇంకో అతుకు కనిపిస్తుంది. సోమరితనం మాట్లాడుతూ మాట్లాడుతూ, అన్యాయంగా సంపాదించిందంతా తిరిగి ఇచ్చేస్తాను అంటుంది. సోమరికి అన్యాయార్జితం ఎక్కడిది? ఆ మాటలు ఆశ, అంటే డబ్బు మీది దురాశ అనే పాపం, నోట రావాలి. రెండు చోట్లా ఏదో తెగిపోయినట్టుంది. 

ఇప్పుడు పుస్తకం ఎలా కట్టేవాళ్ళో గుర్తు చేసుకోవాలి. తోలు కాగితాన్ని మధ్యకి మడిచి, అలాంటివి కొన్ని ఒకదానిలో ఒకటి పెట్టి, మడత దగ్గర కుట్టేవాళ్ళు. ఒక కాగితం ఊడిపోతే పుస్తకంలో ఒక చోట కాదు, రెండు చోట్ల ఆకులు పోతాయి. మధ్యలో ఉన్న పేజీలు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటాయి. కోపం ఉండాల్సిన చోటా, సోమరితనం మాటల మధ్యా పడిన రెండు ఖాళీలూ అలా ఊడిపోయిన ఒకే కాగితం వల్ల వచ్చాయని మాన్లీ అన్నాడు. బి పాఠం రాసినవాడు ఈ ఖాళీలు ఎలా వచ్చాయో పసిగట్టలేదు. కోపాన్నైతే తన సొంతంగా రాసి చేర్చాడు గానీ, సోమరి దగ్గర పోయినదేమిటో తెలియక ఏదో సర్దేశాడు. సొంత కావ్యంలో పోయిన ఆకు ఏమిటో సొంత కవికి తెలియదా? కాబట్టి వాడు వేరే మనిషి. ఇదీ మాన్లీ తర్కం.

జవాబిచ్చినవాళ్ళలో ముందు నిలిచింది జ్యూల్స్ జుస్సెరాన్. అప్పుడాయన అమెరికాలో ఫ్రాన్స్ రాయబారి. అంతకుముందే లాంగ్లాండ్ మీద ఫ్రెంచిలో పుస్తకం రాసినవాడు. రాయబార పనుల మధ్యలో కూర్చుని, ఒక కవి కోసం పేజీలకి పేజీలు వాదించాడు. ఆ మనిషి మీద నాకు అప్పటి నుంచీ గౌరవం. 1910 నాటికి రెండు వైపుల వ్యాసాలూ కలిపి ఒక సంపుటం వేయాల్సి వచ్చింది. హెన్రీ బ్రాడ్లీ అనే పండితుడు ఆకు పోయిందన్నది కాదని, వేరే దారి సూచించాడు: ఆ పంక్తులు పోలేదు, చోటు మారాయి. ఆశ తర్వాత ఉండాల్సినవి లేఖకుడి చేతిలో సోమరి తర్వాతకి వెళ్ళాయి.

ఇక్కడ సి పాఠం సాక్ష్యం తీసుకోవాలి. అందులో తిరిగి ఇచ్చేస్తాను అన్న మాటలు ఆశ దగ్గరికే వచ్చాయి, ఎక్కడుండాలో అక్కడికే. సి రాసినవాడు తెలివైన పరాయివాడు కావచ్చు. లేదా ఆలస్యంగానైనా తన పంక్తుల్ని తాను చోటు చేర్చిన కవి కావచ్చు. బి దగ్గర ఎందుకు సరిచేయలేదు అంటే, దానికి తర్వాతి పరిశోధకులు ఇచ్చిన సమాధానం మాన్లీ వాదానికి ఆయువుపట్టు మీద దెబ్బ. కవి తిరగరాసేటప్పుడు తన దగ్గర సొంత ప్రతి ఉండకపోవచ్చు. ఎవరో నకలు చేసిన తప్పుల ప్రతినే ముందు పెట్టుకుని పని చేసి ఉండొచ్చు. సి పాఠంలో ఇది దాదాపు రుజువైంది: దాని వెనక ఉన్న బి ప్రతి లేఖకుల తప్పులతో నిండినదని తేలింది. నకళ్ళ మీద బతికిన కాలంలో కవి కూడా తన కావ్యాన్ని ఇంకొకరి చేతిరాతలోనే చదువుకోవాల్సి వచ్చేది.

నమ్మకం పాఠంలోకి దిగిన చోటు

1965లో జార్జ్ కేన్ కర్తృత్వం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. కలల కావ్యాల్లో కలగనేవాడికి కవి తన పేరే పెట్టుకోవడం ఆ కాలపు ఆనవాయితీ అని చూపించాడు. చాసర్ తన కల కావ్యంలో జెఫ్రీ అయినట్టే ఇక్కడ విల్. డబ్లిన్ గమనికనీ, దాచిన సంతకాన్నీ, మిగతా ప్రతుల్లోని పేర్లనీ కలిపి, మూడు పాఠాలకీ ఒక్క విలియం లాంగ్లాండే కర్త అన్నాడు. చాలామంది అంగీకరించారు.

తర్వాత జరిగిందే నాకు అన్నిటికంటే ఆసక్తికరం. కేన్, టాల్బట్ డొనాల్డ్‌సన్ కలిసి 1975లో బి పాఠాన్ని పరిష్కరించి ప్రచురించారు. బి ప్రతులన్నీ ఒక మాట చెబుతుండగా, ఎ, సి పాఠాలు రెండూ కలిసి ఇంకో మాట చెబితే, వాళ్ళు ఎ, సి వైపు మొగ్గారు. బి ప్రతులన్నిటికీ మూలమైన ప్రతిలోనే తప్పు దొర్లిందని భావించి, బి పంక్తిని మార్చారు. ఇలా మారిన పంక్తులు వందల్లో ఉన్నాయి. కవి ఒక్కడే అయితే ఈ పద్ధతికి బలం ఉంది: మొదట రాసిన మాటనే చివరా రాసినవాడు, మధ్యలో వేరే మాట రాసి ఉండకపోవచ్చు. కవులు ముగ్గురైతే ఈ పద్ధతికి కాళ్ళు లేవు. రెండో కవి మార్చాడు, మూడో కవి పాతదానికి తిరిగి వెళ్ళాడు అంటే సరిపోతుంది. ఒక్కడే అయినా, మధ్యలో ఒక మాట ప్రయత్నించి మళ్ళీ వదిలేసి ఉండొచ్చుగా అన్నవాళ్ళూ ఉన్నారు. ఒక్కడే రాశాడన్న నమ్మకంతో పాఠం తయారైంది. ఆ పాఠం చదివితే ఒక్కడే రాసినట్టు ఇంకా గట్టిగా అనిపిస్తుంది. ఈ గిరి దాటి చూడాలంటే పాఠకుడు అచ్చుపుస్తకం అడుగున చిన్న అక్షరాల్లో ఇచ్చే పాఠాంతరాల మీద కన్ను వేయాలి.

ఇంతా చెప్పాక నా అభిప్రాయం కూడా చెప్పాలి. ఒక్కడే అని నేను నమ్ముతాను, దానికి కారణం డబ్లిన్ గమనిక కాదు. బి పాఠంలో ఊహాశక్తి విల్‌ని మందలిస్తుంది. నీకు కవిత్వాలెందుకు, కీర్తనలు చదువుకుంటూ నీకు తిండి పెట్టేవాళ్ళ కోసం ప్రార్థన చేసుకోవచ్చు కదా, లోకంలో పుస్తకాలు కావాల్సినన్ని ఉన్నాయి అంటుంది. సి పాఠంలో ఈ మందలింపు తీసేశారు. దాని బదులు కావ్యం మొదట్లోనే కొత్త ఘట్టం వచ్చి చేరింది. విల్ లండన్‌లో కార్న్‌హిల్ దగ్గర ఒక గుడిసెలో కిట్‌తో కాపురం ఉంటాడు. కోతల కాలంలో, మంచి ఆరోగ్యంతో, ఊరికే తిరుగుతుండగా వివేకం, అంతరాత్మ నిలదీస్తాయి. కోత కోయగలవా, మోపులు కట్టగలవా, పందులు కాయగలవా, ఏ పని చేసి బతుకుతున్నావు? నా పనిముట్లు ప్రార్థనలూ కీర్తనలూ, చనిపోయినవాళ్ళ కోసం చదువుతాను, తిండి పెడతారు అంటాడు విల్. వాళ్ళు పూర్తిగా ఒప్పుకోరు. చివరికి, అవును, కాలం వృథా చేశాను, అయినా ఏదో ఒక రోజు నష్టాలన్నీ పూడే బేరం తగులుతుందని ఆశ అంటాడు. తన పని పనేనా అన్న బాధ బి పాఠంలో ఒక చోట తీసేస్తే, సి పాఠంలో ఇంకో చోట, ఇంకా లోతుగా వచ్చింది. ఇంకొకరి కావ్యాన్ని సరిదిద్దేవాడు తప్పులు దిద్దుతాడు, ప్రసంగాలు చేరుస్తాడు. పాత కవి సిగ్గుని ఒక చోట నుంచి తీసి ఇంకో చోట తన సిగ్గులా పెట్టుకోడు.

పేరే లేని పొరుగు కవి

ఇదే కాలపు ఇంకో కావ్యంతో పోలిస్తే చిత్రం తిరగబడుతుంది. ‘పెర్ల్’ అనే అలిగరీలో చనిపోయిన పసిపాపని తండ్రి కలలో చూస్తాడు, ఏటికి అవతల ముత్యాల కిరీటంతో నిలబడి ఉంటుంది. అది ఒకే ఒక్క రాతప్రతిలో, ఇంకో మూడు కావ్యాలతో కలిసి మిగిలింది. వాటిలో ‘సర్ గవాయిన్ అండ్ ద గ్రీన్ నైట్’ ఒకటి. రాబర్ట్ కాటన్ సేకరించిన ఆ గ్రంథాలయానికి 1731లో నిప్పంటుకున్నా ఇది బయటపడింది. కవి పేరు లేదు, ఊరు లేదు, ఆనాటి గమనిక ఏదీ లేదు. భాషని బట్టి చెషైర్ చుట్టుపక్కలవాడని మాత్రం చెప్పగలరు. అయినా నాలుగూ ఒకే కవివని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. పెర్ల్‌లో 101 పద్యాలు, గవాయిన్‌లోనూ సరిగ్గా 101. పేరున్న లాంగ్లాండ్‌ని ఐదు ముక్కలు చేయడానికి సిద్ధపడ్డారు, పేరు లేనివాడి నాలుగు కావ్యాల్ని ఒక్కడికే కట్టబెట్టారు. పాత కావ్యానికి సాక్ష్యాలు పెరిగేకొద్దీ అనుమానాలూ పెరుగుతాయి. ఒక్క ప్రతే ఉంటే దానితో వాదించడానికి ఇంకో ప్రతి ఉండదు.

పియర్స్ ప్లౌమన్ మీద చర్చ ఇప్పుడు ఎంతమంది అన్న దగ్గర లేదు. డబ్లిన్ గమనికలోని రొకేల్ కుటుంబం గురించి రాబర్ట్ ఆడమ్స్ 2013లో పుస్తకం రాశాడు. మరోవైపు లారెన్స్ వార్నర్ 2011లో ఇంకా మూలానికి వెళ్ళాడు. బి, సి పాఠాల్లో చివరి రెండు భాగాలూ దాదాపు అక్షరం మారకుండా ఒకేలా ఉంటాయి. కవి సి పాఠం అక్కడిదాకా దిద్దేలోపే చనిపోయాడని పాత వివరణ. వార్నర్ మాత్రం ఆ రెండు భాగాలూ అసలు సి పాఠం కోసమే రాసినవనీ, తర్వాత లేఖకుల చేతుల మీదుగా బి ప్రతుల్లోకి వెళ్ళాయనీ అన్నాడు. అదే నిజమైతే, బి పాఠం చివర అంతరాత్మ పియర్స్‌ని వెతకడానికి బయల్దేరే ఘట్టం 1377 నాటి పాఠకులెవరూ చదివి ఉండరు. చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. తేల్చుకోవాలనుకునేవాళ్ళకి ఇప్పుడు ఒక సౌకర్యం ఉంది: వర్జీనియా యూనివర్సిటీ కేంద్రంగా మొదలైన పియర్స్ ప్లౌమన్ ఎలక్ట్రానిక్ ఆర్కైవ్‌లో చాలా రాతప్రతుల్ని ఒక్కొక్క ఆకూ తిప్పి చూడొచ్చు. బి పాఠంతో మొదలుపెట్టి, పత్రం చింపే చోటికి వచ్చాక సి పాఠంలో అదే చోటు తెరిచి చూడండి.